ఒక్కరే ఉన్న గదిలో ఏకగ్రీవం

పోయిన వారం మనం కామాని వరండాలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది.

కొత్తగా చేరినవాళ్ళ కోసం ఒక్కసారి వెనక్కి వెళ్ళొద్దాం. కామా ఒక దంతవైద్య కాలేజీ నడిపే పరిశోధన పత్రికలో సహాయ సంపాదకురాలు. అసలు పేరు వేరే ఉంది. ప్రొఫెసర్లు ఊపిరి పీల్చుకోకుండా రాసుకుంటూ పోయే వాక్యాల మధ్య కామాలు పెట్టీ పెట్టీ ఈ పేరు స్థిరపడిపోయింది. జీతం స్లిప్పు మీద తప్ప అసలు పేరు ఎక్కడా వాడకంలో లేదు. ఆ పత్రికకి ఒక పేపర్ వచ్చింది. పిల్లల పాలపళ్ళలో పుచ్చు తీసి నింపే ఒక సిమెంటు ఏడాది తిరక్కుండానే పగిలిపోతోందని, ఆ సందులోంచి పుచ్చు మళ్ళీ దిగి వేరుదాకా పోతోందని దాని సారాంశం. రాసినవాళ్ళెవరో కమిటీకి చెప్పరు, అది పద్ధతి. చదివి చూసిన బయటి నిపుణులిద్దరూ వేసుకోవచ్చన్నారు. ఇంకోపక్క ఆరోగ్యశాఖ వచ్చే నెల నుంచి బడిపిల్లలందరి పళ్ళలో అదే సిమెంటు ఉచితంగా నింపడానికి సిద్ధమవుతోంది. కాబట్టి పేపర్ వస్తే ఇప్పుడే రావాలి. ఆ పిల్లలు పెట్టుడు పళ్ళు కట్టించుకునే వయసుకి వచ్చాక వస్తే లాభం లేదు.

పత్రికలో ఒక నియమం ఉంది. ఏ పేపర్ గురించి మాట్లాడుతున్నా, దానితో సొంత లాభమో చుట్టరికమో ఉన్నవాళ్ళు ఆ సంగతి చెప్పి గదిలోంచి బయటికి పోవాలి. దాన్ని అక్కడ అందరూ కాన్‌ఫ్లిక్ట్ అంటారు. కామాకి నిజంగానే ఉంది. ఆమె బావ, అంటే అక్క మొగుడు, ఆ సిమెంటు కంపెనీలోనే సేల్స్ మేనేజరు. ఆమె ఉండేది కూడా వాళ్ళ మేడ మీదే. అందుకని ఉన్నమాట చెప్పి బయటికొచ్చింది. వచ్చి తలుపు వేసిందో లేదో, వెనకే మిగతా కమిటీ అంతా రావడం మొదలుపెట్టింది.

వాళ్ళ బాధ వాళ్ళది. ఏటా కాలేజీలో జరిగే సదస్సుకి కుర్చీల దగ్గర్నుంచి కునుకు తీసే గదుల దాకా ఆ కంపెనీయే ఏర్పాటు చేస్తుంది. పేపర్ వేద్దామంటే కంపెనీకి కోపం, వద్దంటే రేపు లోకానికి కోపం. అందుకని పెద్దలంతా వారం పాటు తమ తమ వంశాలు తవ్వుకుని తలో కాన్‌ఫ్లిక్ట్ సంపాదించారు. ఎక్స్‌రే సారు ఎడమ దవడ పన్నులో ఉన్నది వాళ్ళ సిమెంటేనట. “పదార్థం నాలోనే ఉంది, నేనెలా నిష్పక్షపాతంగా ఉంటాను,” అంటూ లేచాడు. చిగుళ్ళ మేడమ్ దగ్గర కంపెనీవాళ్ళు ఇచ్చిన గొడుగు ఉంది. మీసాల ప్రొఫెసర్‌కి ఏమీ దొరక్క చాలా కష్టపడి, మేనత్త తోటికోడలి తమ్ముడు కంపెనీ గోడౌన్‌కి కాపలా ఉంటాడని కనుక్కున్నాడు. ఆ మనిషి బతికున్నాడో లేడో ఆయనకి తెలీదు. బంధుత్వం మాత్రం బతికే ఉందని లేచొచ్చాడు.

లోపల మిగిలింది ఒక్కరు. ప్రధాన సంపాదకుడు, అందరూ పెద్దసారు అనే పెద్దమనిషి. కామాకి పరిశోధన ఎలా చెయ్యాలో నేర్పింది కూడా ఆయనే.

ఇదీ సంగతి. వరండా ఇప్పుడు సినిమా ఇంటర్వెల్‌లా ఉంది. కమిటీ మొత్తం కాఫీ మెషిన్ చుట్టూ చేరి, బాధ్యత తప్పినవాళ్ళ మొహాల్లో ఉండే కళతో వెలిగిపోతోంది. కామా ఒక్కతే తలుపుకి ఎదురుగా, గోడకి ఆనుకుని నిలబడి ఉంది. అప్పుడు ఆమె ఫోన్ మోగింది. బావ.

“ఏం మరదలా, మొత్తానికి బతికించారు.”

“ఎవర్ని బావా?”

“మమ్మల్నే. ఆ పేపర్ కొట్టేశారంటగా. మా పెద్దాయన ఇప్పుడే చెప్పాడు. ఆఫీసులో ఒకటే చప్పట్లు. మా అకౌంటెంట్ నవ్వడం నేను ఇవాళే చూశాను, నీమీదొట్టు.”

కామా తలుపు వైపు చూసింది. అది మూసే ఉంది. లోపల మీటింగు జరుగుతూనే ఉంది, అంటే పెద్దసారు ఒక్కరే కూర్చుని ఆయనతో ఆయన చర్చించుకుంటూనే ఉన్నారు.

“బావా, ఈ సంగతి నాతో మాట్లాడకూడదని నీకు ఎన్నిసార్లు చెప్పాను?”

“నేనెక్కడ మాట్లాడుతున్నాను. సంతోషపడుతున్నానంతే. దానికి కూడా మీ పత్రిక పర్మిషన్ కావాలా?”

పెట్టెయ్యాలి. ఫోన్ పెట్టెయ్యాలని ఆమెకి తెలుసు. కానీ నోరు ఆగలేదు.

“మీ పెద్దాయనకి ఎవరు చెప్పారు?”

“అదేం ప్రశ్న? మీ పెద్దసారే. ఆయన మా సలహాదారు కదా. అదేంటి, నీకు తెలీదా?”

కామా ఫోన్ పెట్టేసింది. కోపంతో పళ్ళు నూరబోయింది. ఎదురుగా గోడ మీద ‘పళ్ళు నూరే అలవాటు మానుకోండి’ అని పోస్టరు ఉంది. ఆ కాలేజీలో మనిషి ప్రశాంతంగా కోపం తెచ్చుకునే చోటు కూడా లేదు.

తలుపు తెరుచుకుంది. పెద్దసారు కళ్ళజోడు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చారు.

“అయిపోయింది. పేపర్ ఏకగ్రీవంగా తిరస్కరించాం.”

“ఎవరెవరు సార్?” అంది కామా.

“కమిటీ.”

చిగుళ్ళ మేడమ్ “అయ్యో పాపం” అంది. ఆ మాట అంత హాయిగా అనగలిగిన మనిషిని కామా అంతవరకు చూడలేదు. పెద్దసారు కాగితాలు తీసుకోవడానికి వెనక్కి తిరిగారు. కామా ఆయన వెనకే లోపలికి వెళ్ళి తలుపు వేసింది.

పొడుగాటి బల్ల. చుట్టూ ఖాళీ కుర్చీలు, ప్రతి కుర్చీ ముందూ సగం తాగిన నీళ్ళ గ్లాసు. బల్ల మధ్యలో ప్లాస్టర్ దవడ ఒకటి, చర్చంతా విని ఆశ్చర్యపోయినట్టు నోరు తెరుచుకుని ఉంది.

“సార్, నిపుణులు ఇద్దరూ వెయ్యమన్నారు కదా.”

“అన్నారు. చదివాను. కూర్చో,” అన్నారు పెద్దసారు. “పిల్లలు చాలా తక్కువమంది. ఒక్క క్లినిక్‌కి వచ్చినవాళ్ళని చూసి అందరి పళ్ళ గురించీ తీర్పు చెబితే ఎలా? రేపు ఇది బయటికొస్తే తల్లిదండ్రులు భయపడి అసలు ఏ సిమెంటూ వద్దంటారు. పుచ్చుపళ్ళతోనే వదిలేస్తారు. అది మంచిదా?”

ఇక్కడే కామాకి ఒళ్ళు మండేది. ఆయన మాటలో కొంచెం నిజం ఎప్పుడూ ఉంటుంది. పూర్తిగా అబద్ధమైతే ఎదురు తిరగొచ్చు. రాళ్ళు కలిసిన బియ్యం లాంటి మాటని ఏం చేస్తాం? పారెయ్యలేం, నమల్లేం.

“అయితే అదే రాద్దాం సార్. ఇంకా ఎక్కువమందిని చూసి మళ్ళీ పంపమందాం. తిప్పి కొట్టడం దేనికి?”

“నిర్ణయం అయిపోయిందమ్మా.”

“ఆ నిర్ణయం మాకంటే ముందు కంపెనీకి తెలిసింది సార్.”

పెద్దసారు కాగితాలు సర్దడం ఆపలేదు. “ఎవరు చెప్పారు?”

“మీరు వాళ్ళకి సలహాదారంట కదా.”

“ఎవరు చెప్పారు అని అడుగుతున్నాను.”

కామా ముందున్న నీళ్ళ గ్లాసుని పక్కకి జరిపింది.

“మీ బావ అయ్యుంటాడులే,” అన్నారు ఆయన మెత్తగా. “మంచివాడు. నోటికి మూత ఉండదు, అంతే. కంపెనీ లోపలి మాటలు ఇలా బయట పడేస్తే వాళ్ళు ఉద్యోగంలో ఉంచుతారా చెప్పు. నీ సంగతి కూడా చూడు. కాన్‌ఫ్లిక్ట్ ఉందని బయటికెళ్ళావు. వెళ్ళి, అదే కంపెనీ మనిషితో అదే పేపర్ గురించి ఫోన్లో మాట్లాడావు. నేను తప్పు పట్టట్లేదమ్మా. ఎవరైనా పడతారేమోనని నా బెంగ.”

నెత్తిన బిందెడు నీళ్ళు కుమ్మరించి, జలుబు చేస్తుందేమో తుడుచుకోమ్మా అని తువ్వాలు అందించే మనిషి గొంతు అది.

“నా సంగతి సరే సార్. మీరెందుకు బయటికి రాలేదు?”

“నేనూ వచ్చేస్తే లోపల ఎవరుంటారు, కుర్చీలా?”

“కుర్చీలైతే కంపెనీకి ఫోన్ చేసేవి కాదు సార్.”

పెద్దసారు నవ్వబోయి మానుకున్నారు. “నేను దాచానని అనుకుంటున్నావు కదూ. దాచలేదు. ఒప్పుకున్న రోజే ఆఫీసులో చెప్పాను.”

“ఆఫీసులో ఎవరికి చెప్పారు?”

“నీకే.”

“నాకా?”

“లిఫ్టులో. ఆ సిమెంటు కంపెనీవాళ్ళు సలహాలిమ్మని అడుగుతున్నారు, సరేనన్నానమ్మా అన్నాను. మంచిది సార్ అన్నావు.”

కామాకి గుర్తొచ్చింది. అదే ఇంకా మంట. లిఫ్టు, చేతిలో గడ్డందాకా ప్రూఫులు, బుర్రలో ఎక్కడో ఊడిపోయిన ఒక పేరా. పెద్దసారు ఏదో అన్నారు, ఆమె మంచిది సార్ అంది. ఆయన ఏం చెప్పినా ఆమె అనేది అదే. భూకంపం వస్తోందమ్మా అన్నా, మంచిది సార్ అని బల్ల కిందకి వెళ్ళేది.

“లిఫ్టులో చెబితే సరిపోతుందా సార్? ప్రతి పేపర్‌కీ కంప్యూటర్లో టిక్కు పెట్టాలి కదా, నాకు దీంతో ఏ సంబంధమూ లేదని. ఈ పేపర్‌కి కూడా మీ పేరు మీద ఆ టిక్కు ఉంది. నేను చూశాను.”

“ఉండే ఉంటుంది.”

“మరి అబద్ధం కదా?”

పెద్దసారు మొదటిసారి ఆమె మొహంలోకి చూశారు. “నేను కంప్యూటర్ ఎప్పుడు ముట్టుకున్నానమ్మా?”

పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. కామా మాత్రం ఆగిపోయింది.

పెద్దసారు కంప్యూటర్ ముట్టుకోరు. అది అందరికీ తెలిసిందే. ఆయన పాస్‌వర్డు కామాకి తెలుసు, ఆయనకే తెలీదు. రోజూ పొద్దున్నే వచ్చి కిటికీ తెరిచి, కుండీలో మొక్కకి నీళ్ళు పోసి, పెద్దసారు పేరుతో లోపలికెళ్ళి, కొత్తగా వచ్చిన పేపర్లన్నిటికీ వరసగా టిక్కులు పెట్టేది. సంబంధం లేదు, సంబంధం లేదు, సంబంధం లేదు. ఆ పత్రికలో ఆయన నిష్పక్షపాతం అంతా ఆమె చూపుడువేలి చలవే. ఆయన్ని అడగాలని ఒక్కరోజూ తోచలేదు. మొక్కని కూడా దాహంగా ఉందా అని అడగలేదు కదా.

“నేను చెప్పాల్సింది చెప్పాను. రాయాల్సింది నువ్వు రాయలేదు,” అన్నారు పెద్దసారు. “పోనీలే. నేను ఎవరితోనూ అనను. సాయంత్రానికి రచయితకి తిరస్కరణ మెయిల్ పంపెయ్. ఎప్పట్లాగే నీ పేరు మీదే.” కాగితాలు సంచిలో పెట్టుకుంటూ, ఏదో గుర్తొచ్చినట్టు అడిగారు. “మీ అక్క కూతురు ఏం చదువుతోంది ఇప్పుడు?”

“రెండో క్లాసు సార్.”

“బాగా చదివించుకోమను.”

ఇంకొకరెవరికైనా అయితే ఏడుపొచ్చేది. కామాకి ఆవలింత వచ్చింది. మరీ విసుగెత్తినప్పుడు ఆమెకి అంతే. మెయిల్ పంపితే ఆ సిమెంటు వచ్చే నెలలో ఊళ్ళో పిల్లలందరి నోళ్ళలోకీ పోతుంది. పంపకుండా గొడవ చేస్తే ఎవరు చెప్పారు అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకి బావ ఉద్యోగం జవాబు. ఎటు తిరిగినా గోడే. ఆ గోడ కట్టింది ఆయన. ఇటుకలు అందించింది తను.

అప్పుడు ఆమె బుర్రలో ఏదో కదిలింది. ఎవరు చెప్పారు అన్న ప్రశ్న ఎందుకు రావాలి?

లేచి వెళ్ళి తలుపు తీసింది. “అందరూ ఒకసారి లోపలికి రండి సార్. మేడమ్, మీరు కూడా.”

“అయిపోయిందిగా,” అన్నాడు ఎక్స్‌రే సారు, కాఫీ కప్పు ఛాతీకి హత్తుకుంటూ.

“పేపర్ సంగతి అయిపోయింది. ఇది వేరే. సంపాదకుడి టిక్కులో అబద్ధం ఉందని ఫిర్యాదు. దీంతో మీలో ఎవరికీ ఏ సంబంధమూ లేదు.” మీసాల ప్రొఫెసర్ నోరు తెరవడం చూసి, “మీ మేనత్త తోటికోడలి తమ్ముడికి కూడా లేదు సార్,” అంది.

పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ళలా ఒకరినొకరు ముందుకి తోసుకుంటూ వచ్చి కూర్చున్నారు. పెద్దసారు సంచి కింద పెట్టి, మళ్ళీ తన కుర్చీలో స్థిమితంగా కూర్చున్నారు. కామా ఎక్కువ మాటలు వాడలేదు. పెద్దసారు ఆ కంపెనీకి సలహాదారని, పేపర్ మీద మాత్రం ఆయనకి ఏ సంబంధమూ లేదని టిక్కు ఉందని చెప్పింది.

గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి.

“అంత మాట ఎలా అంటావమ్మా?” అంది చిగుళ్ళ మేడమ్. “నీకు ఎవరు చెప్పారు? ఆధారం ఉండాలా వద్దా?”

పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలి, చెప్పు చెప్పు అన్నట్టు కామా వైపు చూశారు.

“నాకు పెద్దసారే చెప్పారు మేడమ్,” అంది కామా. “సలహాదారుగా ఒప్పుకున్న రోజే, లిఫ్టులో. తెలిసి కూడా ఆయన పేరు మీద సంబంధం లేదని టిక్కు పెట్టింది నేను. ఆయన టిక్కులన్నీ నేనే పెడతాను. ఏం సార్, ఆ రోజు చెప్పారు కదా?”

అంత పెద్ద గదిలో పెద్దసారుకి రెండే జవాబులు మిగిలాయి. చెప్పాను అంటే సలహాదారుని అని ఒప్పుకున్నట్టు. చెప్పలేదు అంటే దాచినట్టు. ఆయన ప్లాస్టర్ దవడ వైపు చూశారు. అది ఏ సాయమూ చెయ్యలేదు.

“చెప్పాను,” అన్నారు చివరికి.

“అయితే టిక్కు అబద్ధం,” అంది కామా. “అబద్ధపు టిక్కు మీద తీసుకున్న నిర్ణయం చెల్లదు. పేపర్ ఇక్కడ ఎవరి చేతిలోనూ ఉండకూడదు, బయటి సంపాదకుడి దగ్గరికి పోవాలి. నియమంలో ఉంది. టిక్కు పెట్టినవాళ్ళని ఏం చెయ్యాలో కూడా అందులోనే ఉంది.”

ఆ నియమంలో కామాలు పెట్టింది కూడా ఆమే. అందుకే ఆ వాక్యం చివర ‘తొలగించాలి’ అని ఉన్న సంగతి బాగా గుర్తుంది.

ఏదో ఒకటి మాట్లాడకపోతే బాగుండదని మీసాల ప్రొఫెసర్ గొంతు సవరించుకున్నాడు. “అంటే ఇప్పుడు మీ ఇద్దరి గురించీ తేల్చాలి. కాబట్టి మీరిద్దరూ కాస్త...”

“వెళ్తున్నాం సార్. పెద్దసారూ, రండి.”

తలుపు మూసుకుంది. ఆ కమిటీ పుట్టిన తర్వాత బయటికి పోవడానికి ఎవరికీ ఏ బంధువూ దొరకని మీటింగు అదొక్కటే.

వరండా ఖాళీగా ఉంది. పెద్దసారు ఒక చివర, కామా ఒక చివర నిలబడ్డారు. మెషిన్ కింద మూతలు లేని కప్పులు చల్లారుతున్నాయి. లోపల్నుంచి గుసగుసలు పెరిగి, తగ్గి, మళ్ళీ పెరిగాయి.

“నిన్ను పరిశోధనకి తీసుకున్నప్పుడు అందరూ వద్దన్నారు. మొండిదని,” అన్నారు పెద్దసారు, ఆమె వైపు చూడకుండా.

“మీరేమన్నారు సార్?”

“మొండివాళ్ళే పని పూర్తి చేస్తారన్నాను.”

దానికి మంచిది సార్ అనబోయి, నాలుక కరుచుకుని ఊరుకుంది కామా. ఆయన మీద కోపం అలాగే ఉంది. పక్కనే ఇంకేదో కూడా ఉంది. ఉద్యోగం పోతే పోయింది. బావ పేరు రాలేదు. అక్క ఇంట్లో ఈ రాత్రి అందరూ మామూలుగా తిని పడుకుంటారు. ఆమాత్రం చాలనుకుని, చాలాసేపటి తర్వాత గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

మెట్ల మీద బూట్ల చప్పుడు. ముందు ఒక బొకే వచ్చింది. మనిషంత బొకే. దాని వెనక మనిషి ఉన్నాడని కింద కాళ్ళు కనపడటం వల్ల మాత్రమే తెలుస్తోంది. అడ్డంగా కట్టిన ఎర్ర రిబ్బను మీద కంపెనీ పేరు బస్సు బోర్డు మీద ఊరి పేరంత స్పష్టంగా ఉంది.

“నమస్తే సార్,” అన్నాయి పూలు. “మీ ఫోన్ రాగానే మా పెద్దాయన మొహం వెలిగిపోయింది. నువ్వే స్వయంగా వెళ్ళి సారు చేతికిచ్చి రా అన్నాడు.”

కామా రెండు చేతులతో వెళ్ళిపో వెళ్ళిపో అని సైగ చేసింది. పూలు పక్కకి జరిగాయి. బావ మొహం బయటికొచ్చింది, చెవులదాకా నవ్వుతో.

“ఓ, మరదలు కూడా ఇక్కడే ఉందా. మాట్లాడుతుంటే ఫోన్ పెట్టేశావేంటి? సిగ్నల్ లేదా?”

“బావా, కిందకి వెళ్ళు,” అంది కామా పళ్ళ మధ్య నుంచి. “ఇప్పుడే. మాట్లాడకుండా వెళ్ళు.”

“ఇచ్చేసి వెళ్తాను. బరువుగా ఉంది తల్లీ, ఇంతదూరం మోసుకొచ్చాను.”

గది తలుపు తెరుచుకుంది. మీసాల ప్రొఫెసర్ తల బయటికి పెట్టాడు. ఆయన వెనక ఎక్స్‌రే సారు, ఆ భుజం మీదుగా చిగుళ్ళ మేడమ్. ముగ్గురూ రిబ్బను మీద అక్షరాలు తీరిగ్గా, ఒకటికి రెండుసార్లు చదివారు.

“ఈ బాబు ఎవరు?” అన్నాడు మీసాల ప్రొఫెసర్.

బావ పరిచయం చేసుకోవడానికి సంతోషంగా గొంతు సవరించుకున్నాడు. పెద్దసారు అతని భుజం మీద చెయ్యి వేసి ఆపి, కామా వైపు తిరిగారు.

“నువ్వే చెప్పమ్మా,” అన్నారు.